మా జేజి కథలో సుమోలు ఎందుకు?

పోయిన నెల జపాన్ బొమ్మల కథల గురించి, అంటే మాంగా గురించి, రెండు పేజీలు రాస్తే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందులోనూ ఎక్కువ మన కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచే. అందరూ దాదాపు ఒకటే అడిగారు: డబ్బులిచ్చేవాడు చెప్పినట్టు గీస్తే ఆ బొమ్మ ఇంక మనదెట్లా అవుతుంది అని. అన్నిటికీ జాగా లేదు, ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

డిగ్రీ రెండో సంవత్సరం, కర్నూలు: అన్నా, డ్రాగన్ బాల్‌ను టోరియామా ఎప్పుడో ఆపేద్దామనుకుంటే కంపెనీ వాళ్లే బలవంతంగా సాగదీయించారని మా ఫ్రెండ్స్ అంటారు. నిజమేనా? నిజమైతే అది ఆయన కథ ఎట్లా అవుతుంది?

తమ్ముడూ, ఇందులో కొంత నిజం ఉంది, కానీ అసలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ముందు ఆ కథ వచ్చిన పత్రిక పద్ధతి తెలుసుకో. షూయేషా అనే ప్రచురణ సంస్థ వాళ్ల షోనెన్ జంప్ పత్రిక 1968లో మొదలైంది. ఆ రోజుల్లో పత్రికలోనే ఒక పోస్ట్‌కార్డు ఉండేది, ఆ వారం నచ్చిన మూడు కథలేవో రాసి పాఠకులు పంపేవాళ్లు. ఆ కార్డుల లెక్కే అక్కడ అన్నిటికీ ఆధారం. ఓట్లు తగ్గిన కథ పత్రికలో వెనక పేజీల్లోకి జరుగుతూ పోతుంది, కొత్త కథ అయితే పది వారాలకే ఆపేయడం అక్కడ మామూలే. వారానికి సుమారు 19 పేజీలు గీయాలి, గీస్తున్నప్పుడే పోయిన వారం ఓట్లు చేతికొస్తాయి.

టోరియామా 1980లో డాక్టర్ స్లంప్ మొదలుపెట్టాడు, అది బాగా ఆడింది. కొన్నాళ్లకు అలసిపోయి ఆపేస్తానన్నాడు. ఎడిటర్ టోరిషిమా ఒక షరతు మీద ఒప్పుకున్నాడు, ఇది ఆపిన మూడు నెలల్లో ఇంతకంటే బాగుండేది ఇంకొకటి మొదలుపెట్టాలని. అట్లా 1984లో వచ్చింది డ్రాగన్ బాల్. మొదట్లో దానికి కార్డులు పెద్దగా రాలేదు. కుస్తీ పోటీల భాగం పెట్టాకే ఓట్లు లేచాయి. అంటే నువ్వు ఇష్టపడే ఆ ఫైటింగులన్నీ పోస్ట్‌కార్డుల వల్ల పుట్టినవే.

ఆండ్రాయిడ్ల, అంటే మరమనుషుల కథలో అయితే పాత ఎడిటర్ టోరిషిమా చూసి, విలన్లంటే ఒక ముసలాయన, ఒక లావాటి మనిషేనా అని పెదవి విరిచాడు. టోరియామా ఒక కుర్రవాణ్ణి, ఒక అమ్మాయిని తెచ్చాడు. వీళ్లు మరీ పిల్లలన్నాడు. అప్పుడు వచ్చాడు సెల్ అనే విలన్. ఆ సెల్ రూపం బాగా లేదని ఈసారి కొత్త ఎడిటర్ అన్నాడు, దాంతో రూపం మారింది, అదీ నచ్చలేదంటే మళ్లీ మారింది. దీన్ని నువ్వు బలవంతం అంటావేమో. నేను అనను. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, పేజీ చదివి, ఇక్కడ పస లేదు అని చెప్పడం వేరు. దానికి జవాబుగా కొత్త విలన్‌ను పుట్టించింది టోరియామా చెయ్యే. ఇంకో సంగతి చెప్తాను, హీరో గోకు ‘సూపర్ సైయన్’ అనే బలమైన రూపంలోకి మారినప్పుడు జుట్టు తెల్లగా వదిలేయడానికి ఒక కారణం, ప్రతి ప్యానెల్లో, అంటే ప్రతి గడిలో, ఆ జుట్టంతా నల్ల ఇంకుతో నింపే పని అసిస్టెంటుకు తప్పించడం. తీరిక లేక పుట్టిన ఆలోచన అది, ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే బొమ్మ అయింది.

నాకు బాధ కలిగించేది ఆపే హక్కు సంగతి. డ్రాగన్ బాల్ 519 అధ్యాయాలు నడిచి 1995లో ఆగింది. ఆ రోజుల్లోనే జంప్ అత్యధికంగా 65 లక్షల 30 వేల ప్రతులకు చేరింది. అంత పెద్ద బండికి ఇరుసులాంటి కథను గీసేవాడు ‘ఇంక చాలు’ అని చెప్పాలంటే ఎంత గుండె కావాలో ఆలోచించు. మరుసటి ఏడాదే తాకెహికో ఇనోయె తన బాస్కెట్‌బాల్ కథ స్లామ్ డంక్‌ను, అది మంచి ఊపులో ఉన్నప్పుడే, 31 సంపుటాల దగ్గర ఆపేశాడు. అసలు ఆట అయిపోయింది, కథ అయిపోయింది, అంతే. 2004లో పుస్తకాలు 10 కోట్ల ప్రతులు దాటినప్పుడు మూతపడిన ఒక హైస్కూలుకు పోయి, నల్లబల్లల మీద చాక్‌పీసులతో ఆ పిల్లల పది రోజుల తర్వాతి కథ గీశాడు. సినిమా తీస్తామని అడిగితే ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు, చివరికి 2022లో తనే రాసి, తనే డైరెక్ట్ చేశాడు. నన్నడిగితే ఆయన గెలిచింది అక్కడ.

పేరు వద్దు, కడప: అన్నా, నాకు 23 ఏళ్లు. బీటెక్ అయిపోయింది. ఇంట్లోనే ఉండి ట్యాబ్ మీద మాంగా స్టైల్లో తెలుగు కామిక్ వేస్తున్నా. మా జేజి కథ. వానల్లేని ఏడాది చెనక్కాయ చేను ఎండిపోతే ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఆమె ఎట్లా నెట్టుకొచ్చింది అనేది. పన్నెండు ఎపిసోడ్లు పెట్టాను, జనం బాగా చదివారు. ఇప్పుడు ఒక యాప్ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. ఎపిసోడ్‌కు ఇంత అని డబ్బులిస్తారంట. కానీ వారానికి రెండు ఎపిసోడ్లు, మొత్తం వంద, హక్కులన్నీ వాళ్లవే. కథలో ఫ్యాక్షన్ పెట్టమంటున్నారు. రాయలసీమ అంటే జనం అదే చూస్తారు, సుమో బండ్లు, బాంబులు లేకుంటే ఎవరు చదువుతారు అన్నారు. జేజిని, తాతను చంపినవాళ్ల మీద పగ తీర్చుకునేదాన్ని చేయమన్నారు. మా తాత జ్వరంతో పోయినాడన్నా. నాయన ఏమో వచ్చిన అవకాశం వదలొద్దంటున్నాడు, ఇంట్లో అప్పు కూడా ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

చెల్లీ, నీ ఉత్తరం వచ్చిన రోజే నీ పన్నెండు ఎపిసోడ్లూ చదివాను. ఏడో ఎపిసోడ్లో పిల్లలు ఆకలని ఏడుస్తుంటే మీ జేజి విత్తనం చెనక్కాయల గోతాన్ని అటక మీదికి ఎక్కించి, కింద నిచ్చెన తీసేసి, దానికే ఆనుకుని కూర్చునే పేజీ ఉంది చూడు, మాటలు లేని పేజీ, దాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన సీమ మీద ఇన్నేళ్లలో వచ్చిన బొమ్మల్లో అంత నిజమైనది నేను చూడలేదు.

ముందు నా సంగతొకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల కింద ఒక పత్రికలో కథలకు బొమ్మలు వేసేవాణ్ణి. కదిరి వైపు నుంచి ఒక కథ వచ్చింది, బోరు ఎండిపోయిన రైతు, ఆయన కొడుకు. కథలో రక్తం చుక్క లేదు. బోరు పక్కన గొంతుకూర్చున్న మనిషిని వేసి పంపితే, సీమ కథ కదా, చేతిలో వేటకొడవలి పెట్టండి, అట్టమీద బాగుంటుంది అన్నారు. పెట్టాను. ఆ నెల అద్దె కట్టాలి. పత్రిక వచ్చాక ఆ కథ రాసినాయన ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. “మా నాయన కొడవలి పట్టింది గడ్డి కోయడానికే సార్” అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను, జేజి కథలోకి సుమోలు రానివ్వొద్దు. మీ తాత జ్వరంతో పోయినాడు. మందుల్లేక, డబ్బుల్లేక, బస్సు సమయానికి రాక మన ఊళ్లలో పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారు, వాళ్ల కథ చెప్పడానికి నువ్వొక్కదానివి దొరికావు. ఆ చావును బాంబుతో కప్పేయొద్దు.

అయితే కంపెనీ అడిగినవన్నీ ఒకే గంపలో వేసి కాదనొద్దు. వాళ్లు నాలుగు వేరు వేరు సంగతులు అడిగారు. ఫ్యాక్షన్ సంగతి చెప్పాను. వారానికి రెండు ఎపిసోడ్లు అనేది నీ ఒంటికి సంబంధించింది. జపాన్‌లో వారానికి ఒక్కటి గీయడానికే ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లు ఉంటారు, అయినా నడుములు పోతాయి. హంటర్ ఎక్స్ హంటర్ గీసే తొగాషి నడుము నొప్పితో నెలలు, ఏళ్లు ఆగిపోతూ వచ్చాడు, దాదాపు నాలుగేళ్ల విరామం తర్వాత 2022లో మళ్లీ మొదలుపెట్టి, ఆ ఏడాది చివరికి ఇంక వారం వారం పద్ధతి వద్దనుకున్నారు. నువ్వు ఒక్కదానివే, ఇంట్లో వంట కూడా చేస్తూ, వారానికి రెండు ఎట్లా గీస్తావు? వారానికి ఒకటి, ప్రతి పదింటికీ రెండు వారాలు సెలవు అని అడుగు. అడిగితే ఇవ్వరేమో అని నువ్వే ముందు తగ్గించుకోవద్దు.

వంద ఎపిసోడ్లు అన్నది ముగింపు సంగతి. నీ కథ ఎక్కడ ముగుస్తుందో నీకు ముందే తెలుసు కదా, వాన పడిన రోజున. అది ముప్పై దాటదు. మిగతా డెబ్బై దేంతో నింపుతారు? పగలతోనే నింపుతారు.

ఇంక హక్కులు. ఇది మాత్రం మీ నాయనను పక్కన కూర్చోబెట్టుకుని చదువు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 2012లో పెద్ద సవరణలు జరిగాయి. బొమ్మ గీసిన క్షణం నుంచే హక్కు నీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద, నీ సంతకంతోనే జరగాలి, ఫోన్లో సరే అంటే చెల్లదు. ఏ హక్కు ఇస్తున్నావో, ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో ఆ కాగితంలో ఉండాలి. ఏళ్లు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే అని 19వ సెక్షన్ చెప్తుంది. అందుకే వాళ్లు “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అని రాస్తారు. ఆ రెండు మాటలు వెతికి పట్టుకో. ఇంకోటి, నిన్ను ఉద్యోగంలో పెట్టుకుని గీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు యజమానే అవుతాడు, కాబట్టి ‘జాబ్’ అని రాసి ఉంటే జాగ్రత్త. 57వ సెక్షన్ నీకు అండగా ఉంటుంది. హక్కులు అమ్మినా సరే, ఇది గీసింది నేనే అని చెప్పుకునే హక్కు, నీ పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు నీ దగ్గరే ఉంటాయి. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన పెద్ద కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో ఊడదీసి మూలన పడేస్తే, ఆయన కోర్టుకు పోయాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు ఇచ్చేయమని, 5 లక్షలు పరిహారం కట్టమని తీర్పు చెప్పింది. గెలిచాడు, కానీ ఎన్నేళ్లు పట్టిందో చూడు. కోర్టు వరకు పోకుండా సంతకం దగ్గరే జాగ్రత్తపడటం మేలు.

అప్పు ఉందన్నావు. దాన్ని నేను చిన్నదిగా చూడటం లేదు, మీ నాయన మాటలోనూ తప్పు లేదు. అందుకే నా సలహా, కంపెనీకి ఇంకో కథ ఇస్తానని చెప్పు. నీ కాలేజీ హాస్టల్ కథో, దెయ్యం కథో, వాళ్లు అడిగిన మార్పులు చేసినా నీకు మనసు నొప్పి పుట్టనిది. దాంట్లో వాళ్ల కోర్కెలు ఎన్నైనా మాట్లాడుకో, ఎడిటర్ దగ్గర పని కూడా నేర్చుకో. జేజి కథను మాత్రం నీ దగ్గరే ఉంచుకుని, నెలకొకటి వేసుకుంటూ పో. ఆకలి వేళ కూడా విత్తనం గింజలు ముట్టనివ్వని మనిషి మనవరాలివి, ఇంతకంటే నేను చెప్పేదేముంది.

ఒక మాట మాత్రం ఎడిటర్‌లా చెప్పనీ. తొమ్మిదో ఎపిసోడ్‌లో బస్సు ప్రయాణం మరీ సాగదీసినట్టుంది. పదకొండు ప్యానెళ్లు అక్కర్లేదు, నాలుగు చాలు. కిటికీ పక్కన జేజి మొహం ఒకసారి చూపిస్తే మాకు అర్థమైపోతుంది.

ప్రొద్దుటూరు నుంచి: జపాన్‌లో మాంగా గీసేవాళ్లు కోటీశ్వరులంట కదా సార్? అట్లాంటప్పుడు కంపెనీ మాట వింటే నష్టమేముంది?

కొద్దిమంది కోటీశ్వరులు, నిజమే. పద్ధతి ఇట్లా ఉంటుంది. పత్రికలో వేసినందుకు పేజీకి ఇంత అని ఇస్తారు, అది చాలామందికి అసిస్టెంట్ల జీతాలకే సరిపోతుంది, ఎందుకంటే ఆ జీతాలు గీసేవాడి జేబులోంచే పోవాలి. అసలు రాబడి తర్వాత పుస్తకంగా వచ్చినప్పుడు, మామూలుగా ధరలో 10 శాతం. పుస్తకం అమ్ముడుపోకపోతే అదీ లేదు. మరి సినిమా తీస్తే? మారి యమజాకి గీసిన థెర్మే రోమే అనే మాంగా సినిమాగా 2012లో వచ్చి 580 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది, ఆమె చేతికి వచ్చింది 10 లక్షల యెన్‌లు మాత్రమేనని ఆమే టీవీలో చెప్పింది. ఆ మాట విన్నాక అక్కడి చాలామంది కళాకారులు తమ ఒప్పంద పత్రాలు బయటికి తీసి చదువుకుని ఉంటారని నా నమ్మకం. షుహో సాతో అనే ఇంకొకాయన పెద్ద ప్రచురణ సంస్థతో గొడవపడి బయటికి వచ్చి, 2012లో తన డాక్టర్ల కథను ఎవరైనా ఎట్లా అయినా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించాడు. ఆ మాట అనగలిగాడంటే హక్కు ఆయన దగ్గర ఉండబట్టే.

మరి పూర్తి స్వేచ్ఛ ఇచ్చే పత్రికలు లేవా అంటే ఉండేవి. 1964లో నగాయి అనే ఆయన గారో అనే పత్రిక పెట్టి, గీసేవాళ్లను ఇష్టమొచ్చినట్టు గీయమన్నాడు. జపాన్ మాంగాలో ఎంతో ధైర్యమైన పని అందులోనే వచ్చింది. కానీ పోనుపోను వాళ్లు గీసినదానికి డబ్బులివ్వలేకపోయారు, డబ్బులు లేకపోయినా గీసేవాళ్లు తమ కథలు ఇచ్చారు. అది తలుచుకుంటే నాకు గర్వమూ బాధా రెండూ కలుగుతాయి.

ఒక టీచరు, అనంతపురం: మా అబ్బాయి ఎప్పుడూ పెద్ద కళ్ల జపాన్ బొమ్మలే గీస్తాడు. మన సంస్కృతి కాదది. ఎట్లా మాన్పించాలి?

మాన్పించొద్దు సార్. ఒక ఆదివారం లేపాక్షి తీసుకుపోండి. వీరభద్రస్వామి గుడి మంటపంలో పడుకోబెట్టి పైకప్పు చూపించండి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, అన్నీ వరసగా గడులు గడులుగా కథ చెప్పిన బొమ్మలే, 16వ శతాబ్దంవి. చీరల అంచులు, కొప్పులు, పక్కకు తిరిగిన మొహంలో కోలకళ్లు ఎంత శ్రద్ధగా వేశారో వాడే చూస్తాడు, మీరేమీ చెప్పక్కర్లేదు. జేబులో చిన్న పుస్తకం, పెన్సిల్ ఉండేలా చూడండి. మన చందమామను నడిపించిన నాగిరెడ్డిగారు కడప జిల్లా మనిషే, ఆ పత్రికలో బొమ్మలు చూసి పెరిగిన పిల్లలు ఎంతమంది చిత్రకారులయ్యారు. వాడు ఏ కళ్లు గీసినా, ఆ కళ్లు ఎవర్ని చూస్తున్నాయో అడగండి.

ధర్మవరం దగ్గరి పల్లె నుంచి: మాది తోలుబొమ్మల కుటుంబం. తాత ఆటలాడేవాడు. నాయన కాలంలో ఆటలు తగ్గి లాంప్ షేడ్లు మొదలైనాయి. ఇప్పుడు నేనూ అవే చేస్తాను, కొనేవాళ్లు చెప్పిన రంగు, చెప్పిన సైజు. మా తాత పెట్టెలో పాత బొమ్మలు ఉన్నాయి. బెంగళూరు నుంచి ఒకరు వచ్చి పెట్టెతో సహా కొంటామన్నారు. మేం చేసేది తప్పా? అమ్మొచ్చా?

అన్నా, లాంప్ షేడ్లు చేయడం తప్పని ఎవరన్నా అంటే వినొద్దు. ఆట చూసేవాళ్లు లేనప్పుడు ఆ తోలు, ఆ ఉలి, ఆ రంగులు మీ చేతుల్లో మిగిలి ఉన్నాయంటే ఆ దీపాల వల్లనే. నిమ్మలకుంట కళాకారులు ఆ పని చేస్తూనే ఆట కూడా బతికించుకున్నారు, అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మాంగా గీసే పిల్లలకు నేను చెప్పేదే మీకూ చెప్తాను. కొనేవాడు సైజు చెప్పొచ్చు, రంగు చెప్పొచ్చు. హనుమంతుడి తోక ఎటు తిరగాలో, సీతమ్మ మొహం ఎట్లా ఉండాలో మాత్రం మీ తాత దగ్గర నేర్చుకున్నట్టే కోయండి.

పెట్టె అమ్మొద్దు. అవసరం మరీ గట్టిగా ఉంటే రెండో మూడో బొమ్మలు ఇవ్వండి, అవి కూడా అంచులతో సహా తెల్లకాగితం మీద గీసి పెట్టుకున్నాక. ఏ బొమ్మ ఏ పద్యానికి తెర మీదికి వస్తుందో మీ నాయనకు ఇంకా గుర్తుందని రాశారు, ఆయనకు 80 దాటాయనీ రాశారు. ముందు ఆయన్ను కూర్చోబెట్టి, ఒక్కొక్క బొమ్మ చేతికిచ్చి, పాడించి ఫోన్లో రికార్డు చేయండి. ఈ ఆదివారమే చేయండి.